ఎవరు రాకూడదని నేను అడగలేదు: ఒక బాలింతకు తోడు కుదిర్చిన కేసు

ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో, చిన్నపిల్లలున్న కుటుంబాలకు వాలంటీర్లను తోడుగా పంపే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పదకొండేళ్ళుగా కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఏ ఇంటికి ఎవరిని పంపాలో నిర్ణయించడం నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. మా దగ్గరకు తెలుగు కుటుంబాలు రావడం చాలా అరుదు. వచ్చిన కొద్దిమందిలో ఒక కుటుంబానికి నేను కుదిర్చిన మొదటి జత నాలుగు వారాలకే చెడిపోయింది; రెండోది తొమ్మిది నెలలు నిలిచింది. మొదటిదాన్ని కుదర్చడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు, రెండోదానికి ఏడు వారాలు పట్టింది. మొదటి నిర్ణయాన్ని అంత తేలిగ్గా ఎందుకు తీసుకోగలిగానో, దానివల్ల ఏం జరగబోయి తప్పిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

ఆ తల్లి అనుమతి తీసుకున్నాను. తన సంగతి తెలుగువాళ్ళకు తెలియకూడదన్నదే ఈ కేసులో ఆమె ప్రధానమైన బాధ కాబట్టి, దీన్ని తెలుగులో రాయవచ్చా అన్నదాని గురించి ఇద్దరం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆ కుటుంబం ఇప్పుడు ఈ ఊళ్ళో లేదు. సొంత ఊళ్ళు, ఉద్యోగాలు, పిల్లల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. రాసినదాన్ని ఆమె చదివి రెండు వాక్యాలు తీసేయమన్నారు, తీసేశాను.

పద్ధతి గురించి

కుటుంబాలకు వాలంటీర్లను తోడుగా పంపే ఈ పద్ధతి బ్రిటన్‌లో ప్రధానంగా 1973లో లెస్టర్ నగరంలో మార్గరెట్ హారిసన్ ప్రారంభించిన హోమ్-స్టార్ట్‌తో పాతుకుంది. మా సంస్థ వేరు గాని, నమూనా దాదాపు అదే: అయిదేళ్ళలోపు బిడ్డ కనీసం ఒకరున్న ఇంటికి, పిల్లల్ని పెంచిన అనుభవమున్న ఒక మనిషి వారానికోసారి రెండు మూడు గంటలపాటు వెళ్ళి, ఆ తల్లికో తండ్రికో తోడుగా ఉంటారు. పనిమనిషిలా ఇల్లు ఊడ్వరు, ఆయాలా పిల్లల్ని ఒంటరిగా చూసుకోరు, కౌన్సెలర్‌లా చికిత్స చేయరు. వాలంటీర్‌కు ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్, అంటే నేరచరిత్ర తనిఖీ, ఉంటుంది, ఇద్దరి నుంచి సిఫార్సు లేఖలు తీసుకుంటాం, ఎనిమిది వారాలు శిక్షణ ఇస్తాం. ఇంత ఏర్పాటు చేసి చివరికి ఏం చేస్తారని మా బంధువులు అడిగితే, పక్కింటి పిన్నిగారు చేసే పని చేస్తారని చెబుతుంటాను. పక్కింట్లో పిన్నిగారు లేనిచోట ఆవిడను కాగితాల ద్వారా తెప్పించుకోవలసి వస్తుంది.

దీనివల్ల ఉపయోగం ఉందా అన్నదానికి పరిశోధనలు ఒకే జవాబు చెప్పవు. లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీల గురించి బ్రౌన్, హారిస్ చేసి 1978లో ప్రచురించిన పరిశోధన, కష్టం వచ్చినప్పుడు స్త్రీలను కుంగుబాటుకు లోనుచేసే పరిస్థితుల్లో మనసు విప్పి చెప్పుకోగలిగిన మనిషి లేకపోవడాన్ని ముఖ్యమైనదిగా చూపింది. అదే బృందం దీర్ఘకాలిక కుంగుబాటుతో ఉన్న 86 మంది లండన్ స్త్రీలతో జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, వాలంటీర్ తోడు దొరికినవాళ్ళలో 65 శాతం మంది, దొరకనివాళ్ళలో 39 శాతం మంది ఏడాదిలో కోలుకున్నారు. కానీ 2004లో జోసెఫ్ రౌన్‌ట్రీ ఫౌండేషన్ ప్రచురించిన హోమ్-స్టార్ట్ మదింపులో, వాలంటీర్ వచ్చిన తల్లులూ రానివాళ్ళూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డారని తేలింది. తల్లులు మాత్రం ఆ తోడు తమకెంతో విలువైనదని చెప్పారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళం 1999 లెక్కను గట్టిగా చెప్పి 2004 లెక్కను నెమ్మదిగా దాటేస్తుంటాం. సగటు లెక్కలో నిలిచిన జతలూ చెడిన జతలూ కలిసిపోతాయని, కోఆర్డినేటర్ పని ఆ సగటుకు అడుగునే ఎక్కడో దాగి ఉంటుందని నా అభిప్రాయం. దాన్ని రుజువు చేయగల లెక్క నా దగ్గర లేదు. ఈ ఒక్క కేసు ఉంది.

రిఫరల్

2024 అక్టోబరులో హెల్త్ విజిటర్ (చిన్నపిల్లలున్న ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సు) నుంచి, ఒక తల్లికి తోడు పంపమని ఫారం వచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య హెల్త్ విజిటర్ తల్లినీ బిడ్డనూ చూసి తీరాలి. ఆ సందర్శనలోనే ఈ తల్లికి ఎడిన్‌బరో స్కేల్‌తో కుంగుబాటు పరీక్ష చేశారు. 1987 నుంచి వాడుకలో ఉన్న ఆ పరీక్షలో పది ప్రశ్నలుంటాయి, మొత్తం 30 మార్కులు. 13 గాని అంతకు మించి గాని వస్తే కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువని భావిస్తారు. ఈమెకు 12 వచ్చింది. తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన గురించి అడిగే పదో ప్రశ్నకు ‘ఎప్పుడూ లేదు’ అన్న జవాబు నమోదైంది. ఫారంలో చివరి వరసలో ‘భాష: తెలుగు, దుభాషి అవసరం’ అని ఉంది. ఆ దుభాషి ఫోన్‌లో మాట్లాడిన ఒక మగమనిషి అని నాకు తర్వాత తెలిసింది. పచ్చి బాలింత, ముఖం తెలియని మగమనిషి గొంతు అడిగిన ఆ ప్రశ్నకు ఇంకేం జవాబు చెబుతుంది?

భర్త స్కిల్డ్ వర్కర్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు, ఆమెది డిపెండెంట్ వీసా. పెద్దవాడికి మూడున్నరేళ్ళు, పాపకు రెండు నెలలు. రెండు కాన్పులూ ఆపరేషన్లే. మొదటి కాన్పు గుంటూరు జిల్లాలో పుట్టింటి దగ్గర జరిగింది. మూడు నెలలు తల్లి చేతి పత్యం, వేడినీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ, మంచం దిగనివ్వని మనుషులు. రెండో కాన్పుకు రావలసిన తల్లికి విజిటర్ వీసా తిరస్కరించారు. అత్తగారికి ఆరోగ్యం బాగాలేదు. చట్టం ప్రకారం భర్తకు దొరికిన సెలవు రెండు వారాలు. మూడో వారం నుంచి పొద్దున్న ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు, మూసిన తలుపు.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు భర్త ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి మాతోపాటు కూర్చున్నారు. నేను తెలుగులో మాట్లాడేసరికి ఆయన ముఖం విప్పారింది. ఆమె మాత్రం ఏమడిగినా “పర్లేదండీ, బాగానే ఉంది” అంటూ వచ్చారు. మా దగ్గర శిక్షణ పూర్తిచేసిన తెలుగు వాలంటీర్ ఒకరున్నారని, పంపమంటారా అని అడిగాను. “అంతకంటే ఏం కావాలండీ!” అన్నారు భర్త. నేను ఆమె వైపు చూశాను. “మీ ఇష్టం” అన్నారు.

తెలుగింట్లో పుట్టిపెరిగిన ఆడపిల్ల నోట ‘మీ ఇష్టం’ అన్న మాటకు ఎన్ని అర్థాలుంటాయో నాకు తెలియనిది కాదు. ఇంగ్లీషు కుటుంబంలో ఎవరైనా అలాంటి ఎటూకాని జవాబు చెప్పి ఉంటే మరోసారి విడిగా వెళ్ళి అడిగేదాన్ని. ఇక్కడ అడగలేదు. మా ఆఫీసులో ఈ పనిని మ్యాచింగ్ అంటారు. ఆ మాటను తెలుగు చెవితో వింటే పెళ్ళి సంబంధాలే గుర్తుకొస్తాయి, నేను చేసింది కూడా పెళ్ళిళ్ళ పేరయ్య పనే: భాష కలిసింది, తిండి కలిసింది, సొంత ఊళ్ళ మధ్య రెండు గంటల ప్రయాణం. ఇక చూడవలసింది ఏముందనుకున్నాను.

మొదటి జత

మొదటి వాలంటీర్‌కు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడి చాలాకాలమైంది. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై చదువులకు వెళ్ళిపోయారు. ఆవిడ మంచితనంలో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. మొదటి రోజునే కందిపొడి, వెల్లుల్లి కారం, ఇండియా నుంచి తెప్పించిన కాయం తీసుకువెళ్ళారు. పాపకు ఒళ్ళు రుద్దడం చూపించారు. డైరీలో ‘అమ్మాయి నెమ్మదస్తురాలు, కాస్త దిగులుగా ఉంది, తోడు దొరికితే తేరుకుంటుంది’ అని రాశారు. రెండో వారం, మూడో వారం కూడా డైరీ అలాగే ఉంది. నేను చదివి సంతోషించి సంతకం పెట్టాను.

నాలుగో సందర్శన తర్వాత ఆమె తలుపు తీయడం మానేశారు. ఒక వారం ‘బేబీ పడుకుంది ఆంటీ’ అని మెసేజ్, మరుసటి వారం ‘బాబుకి జలుబు’. వాలంటీర్ నొచ్చుకుని నాకు ఫోన్ చేశారు. భర్త ఆఫీసుకు వెళ్ళే రోజు చూసుకుని నేనొక్కదాన్నీ వెళ్ళాను. ఆ రోజు ఆమె తన ఫోన్ తెరిచి ఒక వాట్సాప్ మెసేజ్ చూపించారు. సంక్రాంతికీ ఉగాదికీ అందరూ కలిసే మా ఊరి తెలుగు బృందంలోని, ఆమెకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక స్త్రీ పంపినది: ‘ఏమైందమ్మా, ఒంట్లో బాగుండటం లేదట కదా, ఏమన్నా సాయం కావాలంటే మొహమాటపడకు.’

వాలంటీర్ ఎవరి పేరూ చెప్పలేదు. ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినప్పుడు, వాలంటీర్ పని ఎలా ఉందని ఎవరో అడిగితే, “పాపం, మన గుంటూరు వైపు అమ్మాయే, రెండో కాన్పు, అమ్మ రాలేకపోయిందట” అన్నారు. మా శిక్షణలో గోప్యత గురించి చెప్పేటప్పుడు పేరు, చిరునామా, ఫోన్ నంబరు బయట చెప్పకూడదని నేర్పుతాం. అది లక్షలమంది ఉండే ఊరికి సరిపోయే నియమం. తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్నచోట జిల్లా పేరూ కాన్పుల లెక్కా చెబితే పేరు చెప్పినట్టే. ఆ నియమాన్ని ఇలాంటి ఊళ్ళకు తగ్గట్టు విప్పి చెప్పవలసినదాన్ని నేనే, చెప్పలేదు.

అయితే ఆ మెసేజ్ రాకపోయినా జత నిలిచేది కాదని ఆమె మాటల్లోనే అర్థమైంది. ఆంటీ వస్తున్నారంటే ముందురోజు రాత్రి పన్నెండింటి దాకా ఇల్లు సర్దేవారట. ఉత్త చేతులతో కూర్చోబెట్టడం ఇష్టంలేక ఒక చేత్తో పాపను పట్టుకుని రెండో చేత్తో ఉప్మా చేసేవారట. పాలు సరిపోతున్నాయా, పెద్దవాడికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదేం, మీ ఆయన ఇంట్లో ఏమన్నా పని అందుకుంటాడా అన్న ప్రశ్నలకు, అత్తగారి తరఫు చుట్టాలకు చెప్పినట్టు జాగ్రత్తగా జవాబులు చెప్పేవారట. “మనవాళ్ళ ముందు బాగున్నట్టు కనిపించాలి కదా మేడం. ఆ ఓపిక నాకిప్పుడు లేదు” అన్నారు.

ఎవరు వస్తే బాగుంటుందని అడిగితే తెలియదన్నారు. అప్పుడు, ముందుగా అనుకోకుండానే, ఎవరు రాకూడదు అని అడిగాను. ఆ జవాబుకు ఆమె క్షణం కూడా ఆగలేదు. తెలుగువాళ్ళు వద్దు. భర్త కంపెనీలో పనిచేసేవాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరూ వద్దు. పరీక్షకు వచ్చినట్టు బిడ్డ బరువు గురించీ పాల గురించీ అడిగేవాళ్ళు వద్దు. రాగానే సింకు వైపు చూసేవాళ్ళు వద్దు. ఇంకో మాట కూడా ఆ రోజే తెలిసింది: ఆమె బీటెక్ చదివారు. ఇంగ్లీషు చదవగలరు, రాయగలరు. ఇక్కడివాళ్ళ యాస అర్థంకాక, రెండోసారి అడగడానికి సిగ్గుపడి, దుభాషి కావాలంటే తలూపారు. నేనూ ఫారంలోని ఆ గడిని నమ్మాను.

జరగబోయి తప్పినది

ఆ తర్వాత రెండు రోజులకు మొదటి వాలంటీర్‌తో సూపర్‌విజన్ సమావేశం పెట్టుకున్నాను. ఆవిడ ఏడ్చారు. “మన పిల్ల అనుకున్నానండీ, నేనేం తప్పు మాట్లాడాను?” అన్నారు. మాటల మధ్యలో, తను ఎంత దగ్గరగా చూసుకున్నారో చెప్పడానికి, ఒక సంగతి యథాలాపంగా అన్నారు: మూడోవారం ఆ అమ్మాయి “పొద్దున్న లేవకుండా అలాగే పోతే బాగుండనిపిస్తుంది ఆంటీ” అంటే, “తప్పమ్మా, శుభమా అని ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని అలా అనకూడదు” అని తను మందలించారట.

డైరీలో ఆ మాట లేదు. ‘కాస్త దిగులుగా ఉంది’ అని మాత్రమే ఉంది.

ఆవిడను తప్పుపట్టడం తేలిక. కానీ మన ఇళ్ళలో చావు మాట నోట్లో ఎంత తేలిగ్గా మెసులుతుందో తెలిసినవాళ్ళెవరూ అంత తొందరగా తప్పుపట్టలేరు. ఈ చాకిరీతో చస్తున్నామంటాం, పిల్లలు చంపుకు తింటున్నారంటాం, ఈ బతుకు బతికేకంటే అంటూ వాక్యం సగంలో వదిలేస్తాం. మాతృభాషలో అవి చెవికి సోకకుండా దాటిపోతాయి. ఆ స్థానంలో నేనున్నా బహుశా అలాగే మందలించేదాన్నేమో. అదే వాక్యాన్ని ఇంగ్లీషులో విన్న వాలంటీర్ అదే గంటలో నాకు ఫోన్ చేస్తారు, ఎందుకంటే శిక్షణ మొత్తం ఆ భాషలోనే ఇచ్చాం.

ఆ సమావేశం అక్కడే ఆపి ఆ తల్లికి ఫోన్ చేశాను. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా తెలుగులో అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని ఈ రంగంలో అందరూ అంగీకరించిన విషయం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వస్తున్నాయని, ఏం చేసుకోవాలన్నది మాత్రం ఆలోచించలేదని, పిల్లలకు హాని చేయాలని ఎన్నడూ అనిపించలేదని చెప్పారు. జీపీకి, అంటే ఆమె కుటుంబ డాక్టరుకు, నేను చెప్పక తప్పదని ఆమెకు ముందే చెప్పి, ఆ తర్వాతే చెప్పాను. మర్నాడు జీపీ చూశారు. ప్రసవానంతర మానసిక ఆరోగ్య బృందానికి కేసు వెళ్ళింది, మందులు మొదలయ్యాయి, ఈసారి ఒక స్త్రీ దుభాషిగా ఉండేట్టు చూశాం. రాత్రివేళ పరిస్థితి చెయ్యి దాటితే ఆరోగ్య సలహా నంబరు 111కు ఫోన్ చేసి మానసిక ఆరోగ్య సాయానికి 2 నొక్కాలని, ప్రాణాపాయమైతే 999 అని ఒక కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ లోపలివైపు తలుపుకు అంటించాం. బయటివైపు అంటిస్తే వచ్చినవాళ్ళు చూస్తారని ఆమె భయం.

వాలంటీర్ తోడు చికిత్సకు బదులు కాదు. చికిత్స మొదలై, ఆ బృందం సరేనన్న తర్వాతే రెండో జత గురించి ఆలోచించాను.

రెండో జత

వద్దన్నవి తెలిశాయి గాని కావలసింది ఏమిటో తెలియలేదు. అయినా వెంటనే పాత దారిలోనే పడ్డాను: మా ప్రాంతంలో గుజరాతీ కుటుంబాలు ఎక్కువ, వాలంటీర్లలో ఒక గుజరాతీ యువతి ఉన్నారు, శాకాహారి, అత్తగారితో బాధలు తెలిసిన మనిషి. తెలుగు కాకపోతే తెలుగుకు దగ్గరగా ఉన్నది వెతుకుతున్నానని నాకే తట్టి ఆగిపోయాను. తర్వాత ఒక రిటైర్డ్ నర్సును అనుకున్నాను. పాల గురించీ బరువు గురించీ అడిగేవాళ్ళు వద్దన్న మాట గుర్తొచ్చి అదీ మానుకున్నాను.

జనవరి చివర్లో ఇంకోసారి వెళ్ళినప్పుడు, ఇంట్లో ఈ బెంగలేవీ లేకపోతే రేపు ఏం చేయాలనుందని అడిగాను. కిటికీలోంచి వీధి చివరి బస్టాపు కనిపిస్తుంది. “బస్సెక్కి ఎక్కడికైనా పోవాలనుంది మేడం. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. చిన్నప్పుడు సెలవులొస్తే ముందు సీట్లోనే ఉండేదాన్ని” అన్నారు. రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్న మనిషి ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. ఎక్కడికి వెళ్ళినా శనివారం, భర్త కారులో.

మా వాలంటీర్లలో ఒకావిడ అరవై ఆరేళ్ళ ఇంగ్లీషు మనిషి, ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. తెలుగు కుటుంబాల గురించి ఆవిడకు ఏమీ తెలియదు. యాస గట్టిది, మాట వేగం. వంటింటి వైపు కన్నెత్తి చూసే అలవాటు లేదని ఆవిడ ఫైల్లో నేనే ఎప్పుడో, మరో సందర్భంలో, ఫిర్యాదులా రాశాను.

భర్తను ఒప్పించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. నార్వేలో 2011, 2012 సంవత్సరాల్లో పిల్లల పెంపకం విషయంలో అక్కడి అధికారులు భారతీయ కుటుంబాలపై చర్య తీసుకున్నారన్న వార్తలు ఆయన మరిచిపోలేదు. తెల్లవాళ్ళు ఇంట్లోకి వచ్చి రాసుకుంటే పిల్లల్ని తీసుకుపోతారన్న భయం ఆయనది. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, వాలంటీర్ ప్రభుత్వ మనిషి కాదని, ఏం రాసినా వాళ్ళు చూడవచ్చని, అయితే పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే దాచే హక్కు మాకెవరికీ లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. చివరి మాట చెప్పకుండా ఉంటే ఆయన మొదటి సాయంత్రమే ఒప్పుకునేవారు. చెప్పడంవల్ల రెండోరోజు ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చాలా మేలు చేసింది. ఉచిత నర్సరీ గంటలు తీసుకుంటే వీసా నిజంగానే పోతుందా అని అడిగారు. పెద్దవాడిని నర్సరీలో ఎందుకు వేయలేదంటే, వీసా మీద ప్రభుత్వ నిధులు వాడుకోకూడదన్న షరతు ఉందని, ఉచిత గంటలు తీసుకుంటే వీసా పోతుందని ఎవరో చెప్పారట. ఇంగ్లండ్‌లో మూడు నాలుగేళ్ళ పిల్లలందరికీ ఏడాదిలో 38 వారాలపాటు వారానికి 15 గంటలు, అంటే 570 గంటలు, ఉచితం. అది ఆ షరతు కిందికి రాదు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే అదనపు గంటలకు, చైల్డ్ బెనిఫిట్‌కు మాత్రం షరతు వర్తిస్తుంది. ఆ కుటుంబం అప్పటికే నెలల తరబడి ఆ గంటలను వదులుకుంది. ఏప్రిల్ నుంచి పిల్లవాడు నర్సరీకి వెళ్ళాడు. వాలంటీర్ తోడువల్ల ఎంత మేలు జరిగిందో, ఆ పదిహేను గంటలవల్ల ఎంత జరిగిందో విడదీసి చెప్పలేను.

ఫిబ్రవరి నుంచి బస్సు ప్రయాణాలు మొదలయ్యాయి. పాపను కూర్చోబెట్టే తోపుడుబండిని ఏ వైపు నుంచి ఎక్కించాలి, చక్రాల కుర్చీలో ఎవరైనా ఎక్కితే ఆ చోటు ఎలా ఖాళీ చేయాలి, గంట ఎప్పుడు నొక్కాలి, మూడు పౌండ్ల టికెట్ ఫోన్‌తో ఎలా కొట్టాలి. ఇవన్నీ ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో నేర్పినంత శ్రద్ధగా నేర్పారు. మొదటి రెండు వారాలు లైబ్రరీ దాకా, పిల్లల పాటల గంటకు. మూడోవారం ఎక్కడా దిగకుండా చివరి స్టాపు దాకా వెళ్ళి అదే బస్సులో వెనక్కి వచ్చారు. దాన్ని సందర్శన లక్ష్యాల్లో ఏ గడిలో రాయాలని నా సహోద్యోగి అడిగారు.

భాష సమస్య ఉంది, లేదనను. ఒకరోజు ఆమె నాకు ఫోన్ చేసి గొంతు తగ్గించి, “అక్కా, ఆవిడ నన్ను మాటిమాటికీ డక్ అంటున్నారు. బాతులా నడుస్తున్నాననా?” అని అడిగారు. మా ప్రాంతంలో ముద్దుగా పిలిచే పిలుపు అదేనని చెప్పేసరికి ఆమె నవ్వారు; ఆ నవ్వు నేను విన్నది అదే మొదలు. మేడం పోయి అక్క వచ్చింది కూడా ఆ ఫోన్‌లోనే. అటు నుంచి వాలంటీర్ కూడా అర్థంకాని ప్రతి మాటనూ విన్నది విన్నట్టు డైరీలో రాసేవారు. ‘ఈ రోజు నిద్ర లేదు అంది, రెండుసార్లు అంది, ఎందుకని అడిగాను, పాత ఆలోచనలు కావని చెప్పింది’ అన్నంత వివరంగా ఉండేవి. తెలిసిన భాష కాకపోవడంవల్ల ఏ మాటా తేలిగ్గా దాటిపోలేదు.

పిలుపు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. తల్లి వయసున్న మనిషిని పేరుపెట్టి పిలవడం ఆమెకు నోరాడలేదు. ఆంటీ అన్న పిలుపు చేదైపోయింది. నెలరోజులు ఏ పిలుపూ లేకుండా గడిపారు. పెద్దవాడు ఆ ముడి విప్పాడు: ‘బస్ అమ్మమ్మ’. వాడికి రెండు మాటలు కలిపి పలకడం అప్పుడప్పుడే వస్తోంది. ఇల్లంతా అదే పిలుపు ఖాయమైంది. వాలంటీర్‌కు దాని అర్థం చెప్పవలసివచ్చినప్పుడు నేను తటపటాయించాను. మా పద్ధతిలో తోడుకు ముగింపు తేదీ ఉంటుంది. వాలంటీర్‌కు ముగింపు ఉంటుంది గాని, అమ్మమ్మకు ఉండదు. ఈ ఇబ్బంది గురించి మా శిక్షణ పుస్తకంలో ఒక్క వాక్యం లేదు.

సెప్టెంబరులో పిల్లవాడు బడిలో చేరాడు. ఆమె పాపను తీసుకుని ఒంటరిగా బస్సుల్లో తిరుగుతున్నారు. మందులు తగ్గిస్తున్నట్టు బృందం తెలిపింది. వారం వారం జరిగే సందర్శనలను రెండు వారాలకు, తర్వాత నెలకు మార్చి, 2025 అక్టోబరు చివర్లో ముగించాం. పిల్లవాడికి ఎలా చెప్పాలా అని నేనూ వాలంటీరూ తలబద్దలు కొట్టుకుంటుంటే ఆమె తేల్చేశారు. వాళ్ళ నాన్న డ్యూటీ ముగించుకుని డిపోలో బస్సు అప్పజెప్పి ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లో అనుకునే మాటే కొడుక్కి చెప్పారు: బస్ అమ్మమ్మ డ్యూటీ దిగింది.

ఆ తర్వాత

మొదటి వాలంటీర్ మానేయలేదు. మూడు నెలలు ఆగి, కవలపిల్లలున్న ఒక పోలిష్ కుటుంబానికి వెళ్ళారు. ఆ జత చక్కగా నడుస్తోంది. తెలుగు కుటుంబాలకు మాత్రం వెళ్ళనని చెప్పారు, నేను బలవంతపెట్టలేదు. నా మీద ఆవిడకు కొంత కోపం మిగిలి ఉంది, అది న్యాయమే. గోప్యత శిక్షణలో ఇప్పుడు పేర్లు లేని మూడు వాక్యాలిచ్చి, వాటినిబట్టి మనిషిని గుర్తుపట్టగలరేమో చూడమంటున్నాం. చావు గురించి ఇంట్లో వాడే నానుడులను ఎవరి మాతృభాషలో వాళ్ళే రాసి, అవి వినపడితే నాకు ఎలా చెబుతారో చర్చిస్తున్నాం. తల్లిని ఒక్కసారైనా ఒంటరిగా కలవకుండా జత నిర్ణయించడం లేదు.

ఫారంలో భాష గడికి పైన ‘మీ ఇంటికి ఎవరు రాకూడదు?’ అన్న ప్రశ్న చేర్చాం. ఇటీవల ఇంకో తెలుగు తల్లి రిఫరల్ వచ్చింది. ఆ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, “ఏమనుకోరు కదా మేడం, మీరు కూడా వద్దు” అన్నారు. ఆ కేసును అదే రోజు నా ఇంగ్లీషు సహోద్యోగికి అప్పగించాను.